అమ్మ మొదటిసారి అమెరికా పోతోంది, చెకిన్ బ్యాగులకు తాళం వేయాలా వద్దా?

ఏడురోడ్ల కడప:

అందరికీ నమస్తే. మాది కడప. వచ్చే నెల 9న మా అమ్మ మొదటిసారి విమానం ఎక్కబోతోంది, ఎక్కడం ఎక్కడమే నేరుగా అమెరికాకి. అక్క డాలస్‌లో ఉంది, కాన్పు దగ్గర పడింది. హైదరాబాద్ నుంచి దోహా, దోహా నుంచి డాలస్. చెకిన్‌కి 23 కేజీల బ్యాగులు రెండు, చేతిలో ఒకటి. వీసా, టికెట్, వీల్‌చెయిర్ అన్నీ అయిపోయాయి, ఇప్పుడు ఇంట్లో రోజూ నడుస్తున్న పంచాయితీ ఒకటే, తాళం.

మా నాన్న మా జేజినాయన కాలం నాటి అలీగఢ్ ఇత్తడి తాళం బయటికి తీసి, కొబ్బరినూనె వేసి రెడీ చేసి పెట్టాడు. దాని బరువే అరకేజీ దాకా ఉంటుంది. "తలుపు తీసిపెట్టి ఊరికి పోతామా" అంటాడు. బావ ఏమో డాలస్ నుంచి ఫోన్ చేసి అస్సలు తాళం వేయొద్దు, అక్కడ కోసి పారేస్తారు అంటున్నాడు. పక్కింటి అన్న కువైట్‌లో పన్నెండేళ్లు చేసి వచ్చినోడు, ఆయన లెక్కలో తాళం కాదు, ప్లాస్టిక్ చుట్టించాలి. ఎవరి మాట వినాలో తెలియక నేను వై.వి. స్ట్రీట్‌లో ఒక బ్యాగుల షాపుకి పోయి అడిగితే నంబర్లు తిప్పే చిన్న తాళాలు రెండు అంటగట్టాడు. వాటికి కింద తాళంచెవి పెట్టే బొక్క ఉంది, చెవి మాత్రం ఇవ్వలేదు. మళ్లీ పోయి అడిగితే "చెవి అమెరికా వాళ్ల దగ్గరే ఉంటుంది సార్" అన్నాడు. నన్ను ఎర్రోణ్ణి చేస్తున్నాడా, నిజమేనా?

బ్యాగుల్లో ఉండేవి మామూలు సామానే, కారంపొడి, చెనిక్కాయల పొడి, నిప్పట్లు, ఓళిగలు, బాలింతకి శొంఠి, కాయం, ఎండు కొబ్బరి, రెండు పాత చీరలు బిడ్డ పక్కకి. అమ్మ టెన్షన్ మాత్రం పుట్టబోయే బిడ్డకి చేయించిన వెండి మొలతాడు, ఉగ్గుగిన్నె గురించి. వాటిని చీరల మధ్యలో చుట్టి పెట్టింది. తెలిసినోళ్లు చెప్పండి.


పెన్నా ఒడ్డు:

తాళం వేస్ట్ బ్రో. జిప్పు ఉన్న ఏ బ్యాగునైనా మామూలు బాల్‌పెన్నుతో తెరవొచ్చు, తెలుసా? పెన్ను మొన జిప్పు పళ్ల మధ్యలో గుచ్చి లాగితే విడిపోతుంది, లోపల కావాల్సింది తీసుకుని, తాళం పడిన జిప్పు పిడినే అటు ఇటు ఒకసారి లాగితే మళ్లీ మూసుకుపోతుంది. తాళం తాళంగానే ఉంటుంది, సామాను ఉండదు. యూట్యూబ్‌లో వంద వీడియోలు ఉన్నాయి. మీ నాయన అలీగఢ్ తాళం వేసినా అంతే. పైగా అంత పెద్ద తాళం చూస్తే ఇందులో ఏదో ఉందని మనమే చెప్పినట్టు.


ప్రొద్దుటూరు పిల్లోడు:

షాపు ఆయన అబద్ధం చెప్పలేదు. నేను డాలస్ పక్కనే ఉంటా, తొమ్మిదేళ్లయింది, ఏడాదికోసారి ఈ తిప్పలు నాకూ ఉంటాయి కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అమెరికాలో టీఎస్ఏ అని ఒక సంస్థ పెట్టారు, అక్కడి ఎయిర్‌పోర్టుల్లో ఎక్కించే చెకిన్ బ్యాగులన్నీ వాళ్లే స్కాన్ చేస్తారు. స్కానింగ్‌లో ఏదైనా అనుమానం వస్తే మనల్ని పిలవరు, మనం అప్పటికే గేటు దగ్గర ఉంటాం, వాళ్లే తెరిచి చూసి మూసేసి లోపల ఒక కాగితం పెడతారు, మీ బ్యాగు తనిఖీ చేశాం అని. మామూలు తాళం ఉంటే కట్టర్‌తో కోసేస్తారు, దానికి నష్టపరిహారం ఉండదు. అందుకని తాళాల కంపెనీలతో మాట్లాడుకుని వాళ్ల దగ్గర ఉన్న మాస్టర్ కీతో తెరుచుకునే తాళాలు తెచ్చారు. మీ తాళం మీద ఎర్ర డైమండ్ గుర్తు గానీ టార్చి బొమ్మ గానీ ఉందా చూడండి. ఎర్ర డైమండ్ ట్రావెల్ సెంట్రీ వాళ్లది, టార్చి సేఫ్ స్కైస్ వాళ్లది. పక్కన టీఎస్ఏ007 అనో 002 అనో ఉంటుంది, అది ఏ మాస్టర్ కీ పడుతుందో చెప్పే నంబరు. ఆ బొక్క మనకోసం కాదు, వాళ్లకోసం. మనకి నంబర్లే.

అయితే మీ బావకి ఒక మాట చెప్పండి. అమ్మ దోహా నుంచి నేరుగా డాలస్‌లో దిగుతోంది కదా, పోయేటప్పుడు టీఎస్ఏ వాళ్లు ఆమె బ్యాగు ముట్టుకునే సందర్భమే రాదు. వాళ్ల పని అమెరికాలో విమానం ఎక్కే బ్యాగులతో. డాలస్‌లో దిగాక బెల్టు మీద బ్యాగు తీసుకుని కస్టమ్స్ దాటడమే, వాళ్లు తెరవమంటే అమ్మ ఎదురుగానే తెరుస్తారు. అదే షికాగోలోనో న్యూయార్క్‌లోనో దిగి ఇంకో విమానం మారేదుంటే, అక్కడ బ్యాగు తీసుకుని మళ్లీ వేయాలి, అప్పుడు టీఎస్ఏ చేతికి పోతుంది. ఎటూ తిరుగు ప్రయాణంలో పోతుంది కాబట్టి మీరు కొన్న తాళమే వేయండి, అలీగఢ్ తాళం మాత్రం వద్దు.

ఇంకోటి, మాస్టర్ కీ వాళ్ల దగ్గర మాత్రమే ఉంటుందని అనుకోవద్దు. 2014లో ఒక అమెరికా పేపర్ ఆ కీల గుత్తి ఫోటో అచ్చేసింది, 2015కల్లా ఆ ఫోటో చూసి త్రీడీ ప్రింటర్‌లో కీలు చేసుకునే డిజైన్లు ఇంటర్నెట్‌లో పెట్టేశారు. మొలతాడు, ఉగ్గుగిన్నె చీరల మధ్యలోంచి తీసి చేతి బ్యాగులో పెట్టించండి, ఇంక ఏ తాళం గురించీ ఆలోచించే పని ఉండదు.


ఏడురోడ్ల కడప:

ఎర్ర డైమండ్ ఉందన్నా, 007 అని ఉంది. నాన్నకి చూపిస్తే "మన పెట్టె చెవి వాళ్ల దగ్గర ఉంటే ఇంక అది తాళమెట్ల అవుతుంది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.


కందనవోలు:

మీ నాయన మాట్లాడింది తప్పు కాదు తమ్ముడూ. నేను కర్నూలోణ్ణి, ఒక పెద్ద ఎయిర్‌పోర్టులో మూడేళ్లు లోడింగ్‌లో పనిచేసి వచ్చినోణ్ణి, ఏ ఊరని అడగొద్దు. ఇప్పుడు ఓర్వకల్లు దగ్గర సొంతంగా చిన్న ట్రాన్స్‌పోర్టు చూసుకుంటున్నా. 2021లో అక్కడ ఎయిర్‌పోర్టు తెరిచినప్పుడు మళ్లీ అదే పనిలో చేరతావా అని అడిగినారు, నా నడుము ఒప్పుకోలేదు.

పెన్నా ఒడ్డు చెప్పిన పెన్ను కథ నిజమే. కానీ ఆ వీడియో తీసినోడు గదిలో, టేబుల్ మీద, బల్బు కింద తీస్తాడు. విమానం డొక్కలో పరిస్థితి వేరే. చిన్న విమానాల్లో, అంటే మనం దేశం లోపల ఎక్కువగా ఎక్కే ఎయిర్‌బస్ 320 లాంటి వాటిల్లో బ్యాగులు చాలావరకు చేత్తోనే పేరుస్తారు. ఒకడు కింద బెల్టు మీద వేస్తుంటాడు, ఒకడు లోపల మోకాళ్ల మీద కూర్చుని లాగి సర్దుతుంటాడు. నిల్చునే ఎత్తు ఉండదు. ఎండాకాలం లోపల పెనం మీద ఉన్నట్టే. అరగంటలో నూటికి పైగా బ్యాగులు సర్దాలి, బయట సూపర్‌వైజర్ కేకలేస్తుంటాడు. ఇట్లాంటి చోట చేతివాటం ఉన్నోడు ఎవడైనా ఉంటే (అందరూ అట్ల ఉండరు, ఆ మాట గట్టిగా చెప్తున్నా, నాతో పనిచేసినోళ్లలో పడిపోయిన బంగారు గొలుసు తెచ్చి ఆఫీసులో ఇచ్చినోడు కూడా ఉన్నాడు) వాడు పెన్ను పట్టుకుని జిప్పు పళ్లు లెక్కపెట్టడు. ముందు జేబులో చెయ్యి పెడతాడు. తాళం లేని పక్క జేబు, సగం తెరుచుకున్న జిప్పు, అంతే. పది సెకన్లలో అయ్యే పని చేస్తాడు, అర నిమిషం పట్టేది వదిలేస్తాడు. చిన్న తాళం పనిచేసేది ఆ అర నిమిషం కోసమే. పెద్ద విమానాల్లో చాలావరకు బ్యాగులు బయటే కంటైనర్లలో పేర్చి ఎక్కిస్తారు, అక్కడ నలుగురి మధ్యలో పని.

నన్నడిగితే తాళం అసలు పని దొంగ గురించి కాదు, జిప్పు గురించి. బ్యాగు ఒక బెల్టు మీద నుంచి ఇంకో బెల్టు మీదకి ఎత్తునుంచి పడుతుంది, మలుపులో పక్కకి తోసేస్తుంది, పైన ఇంకో నాలుగు బ్యాగులు పడతాయి. గట్టిగా కుక్కిన బ్యాగు జిప్పు పిడులు రెండూ వదులుగా ఉంటే అవే జరుగుతూ జరుగుతూ విడిపోతాయి. బెల్టు మీద చీరలు, గోంగూర సీసాలు విడివిడిగా రావడం నేను కళ్లారా చూసినా. రెండు పిడులూ కలిపి ఏదో ఒకటి కట్టాలి, తాళం కావచ్చు, కరెంటోళ్లు వాడే కేబుల్ టై కావచ్చు.

ఇక అలీగఢ్ తాళం ఎందుకు వద్దంటే, వేలాడే బరువైన తాళం బెల్టు సందుల్లో ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే తాళం తెగదు, జిప్పు పిడి ఊడి వస్తుంది. తాళం భద్రంగా ఉంటుంది, పెట్టె నోరు తెరుచుకుంటుంది. బ్యాగులోనే బిగించి వచ్చే తాళమైతే ఇంకా మంచిది, వేలాడేదే ఉండదు.

పాత ట్యాగులన్నీ పీకేయండి. మా పనిలో సగం తలనొప్పి వాటితోనే, మెషీన్ పాత బార్‌కోడు చదివిందంటే బ్యాగు ఇంకో ఊరికి పోతుంది. బ్యాగు లోపల కూడా ఒక కాగితం మీద పేరు, డాలస్ ఫోన్ నంబరు రాసి పెట్టండి, బయటి ట్యాగు చినిగిపోయినప్పుడు లోపలి కాగితమే దిక్కు.


పెన్నా ఒడ్డు:

సరే అన్నా, లోపల పనిచేసిన మనిషితో నేను వాదించను. చిన్న తాళం వరకు ఒప్పుకున్నా. కానీ మనోళ్లు తాళం వేశాం కదా అని దాని మీదే భారం వేసి లోపల ల్యాప్‌టాప్, డబ్బులు, బంగారం పెడతారు చూడండి, నా కోపం దాని మీద. విమాన కంపెనీల షరతులు చదవండి, డబ్బు, నగలు, ఎలక్ట్రానిక్ వస్తువులు చెకిన్‌లో పెడితే బాధ్యత మాది కాదని దాదాపు అందరూ రాసుకుంటారు.


అనంత చెనిక్కాయ:

నేను అనంతపురం నుంచి. నా అనుభవం చెప్తాను, నవ్వుకున్నా పర్వాలేదు. మాకు బెంగుళూరు ఎయిర్‌పోర్టే దిక్కు, దేవనహళ్లి హైవే మీదే ఉంటుంది కాబట్టి సిటీ ట్రాఫిక్‌లోకి పోయే పని లేదు, మాకున్న అదృష్టం అదొక్కటే.

రెండేళ్ల కిందట మా అబ్బాయి దగ్గరికి సింగపూర్ పోతున్నాను. మా ఇంటాయన చాలా జాగ్రత్త మనిషి. బ్యాగుకి మంచి తాళం వేసి, నేను పారేసుకుంటానని తాళంచెవి ఆయన గుత్తికే వేసుకున్నాడు, రెండో చెవి బ్యాగు లోపలే ఉంది. నన్ను దింపి, గేటు దగ్గర చెయ్యి ఊపి, కారెక్కి వెళ్లిపోయాడు. నేను సెక్యూరిటీ దాటి కాఫీ తాగుతూ కూర్చున్నాను. మైకులో నా పేరు పిలిచారు. పేరు పలికిన తీరుకి మొదటిసారి నాకే అర్థం కాలేదు, రెండోసారి పిలిస్తే పోయాను. "మేడమ్ మీ బ్యాగులో పవర్ బ్యాంక్ ఉంది, తెరవాలి." మన దేశంలో అనుమానం వస్తే మనల్ని పిలిచి మన ముందే తీయిస్తారు, అది మంచి పద్ధతే, కానీ చెవి ఎక్కడుంది? ఆయనకి ఫోన్ చేస్తే బాగేపల్లి దాటేశాడు. వెనక్కి రమ్మంటే విమానం పోతుంది. చివరికి నేను సంతకం పెట్టి ఇచ్చాక కట్టర్‌తో కోశారు. లోపల పవర్ బ్యాంక్‌తో పాటు ఎండు కొబ్బరి చిప్పలు కూడా దొరికాయి, అవీ తీసేశారు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, వేడికి దానంతటదే రాజుకునే అవకాశం ఉందని విమానాల్లో దాన్ని ప్రమాదకర వస్తువుల్లో చేర్చారంట. ఎన్నేళ్ల నుంచి వంటింట్లో పెట్టుకుంటున్నాం, ఒక్కరోజూ రాజుకోలేదు! అయినా వాళ్ల రూలు వాళ్లది.

కాబట్టి కడప తమ్ముడూ, మీ అమ్మ జాబితాలో ఎండు కొబ్బరి కనిపించింది నాకు, చిప్పలు మాత్రం ఇంట్లోనే పెట్టేయించు. పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు ఎప్పుడూ చేతి బ్యాగులోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 74 వాట్ అవర్లు, 100 లోపు ఉంటే చేతి సామానులో ఒప్పుకుంటారు. చెవి తాళమైతే చెవి ప్రయాణం చేసే మనిషి దగ్గరే ఉండాలి, మొగుడి దగ్గర కాదు. ఇది చెప్పడానికే ఇంత రాశాను.


కువైట్ రాయచోటి:

అక్కా, మీ ఇంటాయన కథ మా రూములో అందరికీ చదివి వినిపించినా, పడి పడి నవ్వినారు.

నేను కువైట్‌లో పదహారేళ్లు. మా రాయచోటి, రాజంపేట, కడప పక్క నుంచి ఇక్కడికి ఎంతమంది వస్తారో అందరికీ తెలిసిందే. మాకు సూట్‌కేసు అంటే ఈమధ్య వచ్చిన ముచ్చట, ముందంతా అట్టపెట్టె, దాని చుట్టూ టేపు, దాని మీద దుప్పటి, దాని మీద తాడు, మార్కర్‌తో పేరు, ఊరు, ఫోన్ నంబరు. తాళం అనే మాటే లేదు. ఆ తాడు విప్పడానికి ఇంటికాడ అరగంట పట్టేది, దొంగకి కూడా అంతే పట్టాలి కదా. ఇప్పుడు చాలా చోట్ల తాడు కట్టినవి, గుండ్రంగా మూట కట్టినవి తీసుకోవడం లేదు. దుబాయ్‌లో 2017 నుంచి ఒక పక్కైనా చదునుగా లేని బ్యాగుని కౌంటర్ దగ్గరే ఆపేస్తున్నారు, బెల్టుల్లో ఇరుక్కుంటున్నాయని. కందనవోలు అన్న చెప్పిందే.

నాకు జరిగింది చెప్తా. ఒకసారి సెలవుకి వస్తూ సూట్‌కేసు తాళం లేకుండా వేసినా, తొందరలో. బరువు 30 కేజీలు, కౌంటర్‌లో ఆ లెక్కే పడింది. చెన్నైలో దిగి బ్యాగు తీసుకుని, బయట బంధువులు, కారు, మధ్యలో టీ, తెల్లారేసరికి రాయచోటి. ఇంట్లో తెరిచి చూస్తే రెండు సెంటు సీసాలు, తమ్ముడికి తెచ్చిన ఫోన్ లేవు. మళ్లీ తూకం వేస్తే 28 కేజీల చిల్లర. ఫోన్ చేస్తే "ఎయిర్‌పోర్టు దాటక ముందే చెప్పాల్సింది" అని ఒకరు, "బరువు రుజువేది" అని ఒకరు, "మెయిల్ పెట్టండి" అని ఇంకొకరు. పెట్టినా. ఇప్పటికీ జవాబు రాలేదు. ఫోన్ చెకిన్‌లో పెట్టడం నా తప్పే, ఒప్పుకుంటా, కానీ తమ్ముడు ఎదురుచూస్తా ఉన్నాడు, వాడి మొహం చూడాల్సింది.

అప్పటినుంచి బెల్టు మీద బ్యాగు దొరకంగానే పక్కకి తీసి జిప్పు చూస్తా, చేత్తో ఎత్తి బరువు చూస్తా. తేడా ఉంటే అక్కడే కౌంటర్‌లో చెప్పి పీఐఆర్ అనే ఫిర్యాదు కాగితం రాయించుకుంటా. బయటికి పోయి కారెక్కినామంటే ఇంక మనది అరణ్య రోదనే.

ఇంకో మాట, తాళం కన్నా ముఖ్యమైంది. మీ అమ్మ అమెరికా పోతోందని వీధిలో తెలిసే ఉంటుంది. "మా పిల్లోడికి ఈ చిన్న పొట్లం ఇవ్వమ్మా" అని నలుగురు వస్తారు. తీసుకోవద్దు, తీసుకున్నా విప్పి చూడకుండా పెట్టొద్దు. మా పక్క మటన్ మసాలాలో గసగసాలు లేకుండా ముద్ద దిగదు, అవే గసగసాలు యూఏఈ లాంటి గల్ఫ్ దేశాల్లో మాదకద్రవ్యం లెక్కలోకి వస్తాయి. ఎవరో మోకాళ్ల నొప్పులకని ఇచ్చిన ట్రమడాల్ మాత్రలూ అంతే. బ్యాగు మీద ట్యాగు మన పేరుతో ఉంటుంది, పట్టుకునేది మనల్నే. బయటోడు తీసుకునేదానికి తాళం వేస్తాం సరే, మనింట్లో కూర్చుని మనమే లోపల పెట్టుకునేదానికి ఏం వేస్తాం?


పెన్నా ఒడ్డు:

కువైట్ అన్నా, మీ మెయిల్ విషయంలో ఒకటి చెప్పాలి, మిగతావాళ్లకైనా పనికొస్తుంది. అంతర్జాతీయ ప్రయాణానికి మాంట్రియల్ ఒప్పందం అని 1999ది ఒకటుంది, మన దేశం 2009లో చేరింది. దాని ప్రకారం బ్యాగు దెబ్బతింటే చేతికొచ్చిన 7 రోజుల్లోపు, ఆలస్యమైతే చేతికొచ్చిన నాటి నుంచి 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులు దాటినా బ్యాగు రాకపోతే పోయినట్టే లెక్కేసి అడగొచ్చు. అంటే ఎయిర్‌పోర్టు దాటితే అంతా అయిపోయినట్టు కాదు, కాకపోతే దాటాక రుజువు చేయడం మన నెత్తిన పడుతుంది, ఫిర్యాదు చేయకుండా బ్యాగు తీసుకుపోతే బాగానే అందిందని అనుకుంటారు. పరిహారానికి గరిష్ఠ పరిమితి కూడా ఉంది, 2024 డిసెంబర్ 28 నుంచి ఒక మనిషికి 1,519 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క), అంటే ఇంచుమించు రెండు వేల డాలర్లు. అది గరిష్ఠం, అడగంగానే చేతిలో పెట్టే డబ్బు కాదు. బ్యాగు మూసే ముందు లోపలి సామానుకి ఫోన్‌లో నాలుగు ఫోటోలు తీసుకోండి, ట్యాగు చీటీ, బోర్డింగ్ పాస్ పారేయొద్దు. తాళం గురించి ఇంతమంది ఇంత మాట్లాడాం గానీ ఈ చీటీని విమానం దిగంగానే చెత్తబుట్టలో వేసేవాళ్లే ఎక్కువ.


ఏడురోడ్ల కడప:

అందరికీ చాలా థాంక్స్. ఎండు కొబ్బరి, గసగసాలు రెండూ అమ్మ బ్యాగులోంచి నిన్న రాత్రే తీయించినా. దోహా మీదుగా పోతూ గసగసాలు ఎందుకని నాన్నే గట్టిగా అన్నాడు. పొట్లాల సంగతి నిజం, ఇప్పటికే మూడు వచ్చాయి, ఒకదాంట్లో కరివేపాకు. రెండు ప్రశ్నలు మిగిలాయి. ప్లాస్టిక్ చుట్టించాలా? కారంపొడి చేతి బ్యాగులో పెట్టొచ్చా, చెకిన్‌లో బరువు మించిపోతోంది.


ప్రొద్దుటూరు పిల్లోడు:

కారంపొడి చెకిన్‌లోనే. చేతి సామానులో పొడులంటే సెక్యూరిటీ దగ్గర ఒక్కో పొట్లం విప్పించి చూస్తారు, అమెరికా పోయే విమానాలకైతే 350 మిల్లీలీటర్లు, అంటే సుమారు ఒక సోడా డబ్బా కొలత, దాటిన పొడుల మీద 2018 నుంచి ఇంకా ఎక్కువ చూపు. అమ్మ ఒక్కతే ఉంటుంది, భాష తెలియదు, ఆ తలనొప్పి ఎందుకు. బరువు తగ్గాలంటే ఆ అలీగఢ్ తాళం ఎలాగూ తీసేస్తున్నారు, అరకేజీ అక్కడే వచ్చింది. కరివేపాకు అసలు వద్దు, నిమ్మ జాతి చెట్ల తెగులు వస్తుందని అమెరికాలో పచ్చి కరివేపాకు రానివ్వరు. డాలస్‌లో తినే సామాను ఉందా అని అడిగితే ఉందనే చెప్పమనండి, పచ్చళ్లు, పొడులు, మిఠాయిలు ఉన్నాయని చెప్పినా ఎవరూ ఏమీ అనరు, లేదని చెప్పి దొరికితేనే జరిమానా. ఒక చిన్న కాగితం మీద ఇంగ్లీషులో రాసి చేతికివ్వండి, చూపిస్తే చాలు.

ప్లాస్టిక్ మీ ఇష్టం. చుట్టిస్తే గీతలు పడవు, జిప్పు విడిపోదు, ఎవరైనా తెరిస్తే తెలుస్తుంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం టీఎస్ఏ వాళ్లకి తెరవాలనిపిస్తే కోసేస్తారు, మళ్లీ చుట్టరు.

తాళం నంబరు సంగతి మర్చిపోయాను. మొదట 000 మీద ఉంటుంది, పక్కన చిన్న బటన్ నొక్కి కొత్త నంబరు పెట్టి వదలాలి. పెట్టాక నాలుగుసార్లు వేసి తీసి చూడండి. మా అత్తమ్మ బటన్ నొక్కి ఉండగానే నంబర్లు తిప్పేసింది, ఏం పెట్టిందో ఆమెకే తెలియదు, డాలస్‌లో మేము 000 నుంచి 999 దాకా తిప్పుతూ కూర్చున్నాం. 614 దగ్గర తెరుచుకుంది.

బీపీ, షుగర్ మాత్రలు చీటీతో సహా చేతి బ్యాగులో. ఇది మీకు చెప్పక్కర్లేదు అనుకుంటా.


కందనవోలు:

ప్లాస్టిక్ బదులు నేనైతే మంచి రంగు గుడ్డపీలిక ఒకటి హ్యాండిల్‌కి గట్టిగా ముడేస్తా, వేలాడకుండా. డాలస్ బెల్టు మీద నల్ల సూట్‌కేసులు నలభై వస్తాయి, పెద్దమ్మ ఏది తనదని వెతుక్కుంటుంది? ఒకరిది ఒకరు ఎత్తుకుపోవడం దొంగతనం కంటే ఎక్కువ జరుగుతుంది.


ఏడురోడ్ల కడప:

అప్‌డేట్. అమ్మ నిన్న డాలస్ చేరింది. బ్యాగులు రెండూ వచ్చాయి, తాళాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి, ఎవరూ తెరవలేదు. కస్టమ్స్‌లో కాగితం చూపిస్తే ఆయన నవ్వి పంపించేశాడంట. నంబరు అక్క పుట్టిన తేదీ పెట్టినాం, అమ్మ మర్చిపోదని, తీరా అక్కడికి పోయాక బావే మర్చిపోయాడు. నిప్పట్లు మాత్రం పొడి పొడి అయ్యాయి, చెనిక్కాయల పొడి పక్కన ఇంకో పొడి అనుకుని అన్నంలో కలుపుకుంటున్నారంట. ఆకుపచ్చ చీర అంచు చింపి హ్యాండిల్‌కి కట్టినాం, బెల్టు మీద అమ్మే ముందు గుర్తుపట్టి వీల్‌చెయిర్ తోసే ఆమెకి చూపించిందంట.

అలీగఢ్ తాళం నాన్న కొట్టానికి వేసుకున్నాడు.


అనంత చెనిక్కాయ:

చెవి ఎవరి దగ్గరుంది తమ్ముడూ?


ఏడురోడ్ల కడప:

ఆయన దగ్గరే అక్కా. ఈ పూట పొలానికి పోయినాడు, నేను గడ్డి తీయాలని కొట్టం బయట నిలబడి ఉన్నా.